సిరా కింది తోట

తండ్రి పోయిన మూడో రోజే, ఆయన రాసిన వీలునామా మీద ఒలకబోయడానికి చెన్నరాయప్ప చింతామణి పట్నానికి పోయి కొత్త సిరాబుడ్డి కొన్నాడు. తండ్రి దీపం మసితో కాచుకున్న సిరా ఇంట్లో బుడ్డినిండా ఉంది. కానీ మోసానికి కూడా దర్జా ఉండాలనుకునే రకం అతను.

సోమేనహళ్ళిలో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. ఎవరి మాటా చివరిదాకా విన్న పాపాన పోలేదు. కాగితాన్నీ అలాగే చదివాడు. మొదటి వరుసలో "బావి కింది తోట" అని, పక్కనే "నా కూతురు అంజనమ్మ" అని కూడబలుక్కున్నాడు. అంతే, ఒళ్ళు మండిపోయింది. మూడెకరాల తోట ఆడబిడ్డకా!

కాగితం కాల్చేస్తే ఊరు అడుగుతుంది. సిరా ఒలికిందంటే ఎవరడుగుతారు? పైగా సాక్షులిద్దరూ వేలిముద్రలవాళ్ళే.

దినాలకు వచ్చిన చెల్లెలు అంజనమ్మ ఆ మచ్చ చూసి, "అన్నా, తోట గురించి నాయన రాసిండేది ఏమంటే..." అనబోయింది.

"నువ్వేమీ చెప్పొద్దమ్మా! బువ్వ తిని మీ ఊరికి పో" అని కసిరాడు. ఆమె ఆ పూటే తన ఊరికి వెళ్ళిపోయింది.

ఖాతా మార్చమని వెళితే తాలూకా ఆఫీసువాళ్ళు మచ్చ చూసి, చిక్కబళ్ళాపురం కోర్టుకు పొమ్మన్నారు. మచ్చ కింద ఏముందో ఫోటో తీసి తేల్చమని కోర్టు ఆ కాగితాన్ని బెంగళూరుకు పంపింది. 1958 వేసవిలో అక్కడి ఫోటో నిపుణుడు మురళీధర ఒక కవరు పట్టుకుని వచ్చాడు.

కోర్టు వరండాలో చెన్నరాయప్ప అతన్ని ఎగాదిగా చూశాడు.

"నా కంటికే కనపడనిది నీ ఫోటో డబ్బాకు కనపడతాదా సామీ?"

"ఎరుపు దాటినాక కూడా వెలుతురు ఉండాదప్పా. అది మన కంటికి ఆనదు. ఈ ఫిల్ముకు పూసిన రంగు దాన్ని పట్టుకుంటాది. అంగడి సిరా ఆ వెలుతురును ఆపలేదు. అదే దీపం మసి అయితే..."

"చాలు చాలు! మీ మాదిరి గారడీవాళ్ళను శానామందిని చూసినాం."

వినే ఓపికుంటే తెలిసేది. ఆ ఫిల్ము మీద అంగడి సిరా నీళ్ళలా తేటపడిపోతుంది, తండ్రి రాసుకున్న మసి సిరా నల్లగా నిలుస్తుంది. ఇంట్లో బుడ్డే ఒలకబోసి ఉంటే ఆ వరుసను ఏ కెమెరా కూడా చదవలేకపోయేది. ఇలాంటివాడి మీద జాలిపడటం కష్టమే.

లోపల జడ్జి ఫోటోను గుమాస్తాకు ఇచ్చాడు. గుమాస్తా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు: "బావి కింది తోట, నా కూతురు అంజనమ్మ..."

చెన్నరాయప్ప ఆగలేకపోయాడు.

"ఇంకో ఇంటికి పోయిన ఆడబిడ్డకు తోట రాస్తే చూస్తా ఊరికే ఉండాల్నా? అవునప్పా, సిరా నేనే పోసినా! ఏం చేస్తారో చేసుకోండి!"

వీలునామా పాడుచేస్తే జైలని అక్కడి బంట్రోతుకు కూడా తెలుసు. తలుపు దగ్గరి పోలీసు రెండడుగులు ముందుకొచ్చాడు. కోర్టు పిలిస్తే వచ్చి ఓ మూల నిలబడ్డ అంజనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"చివరిదాకా చదువు" అన్నాడు జడ్జి.

గుమాస్తా మళ్ళీ మొదటినుంచి చదివాడు: "బావి కింది తోట, నా కూతురు అంజనమ్మ తనకొద్దని, అన్నకే ఇమ్మని నా కాళ్ళు పట్టుకున్నందువల్ల, నా కొడుకు చెన్నరాయప్పకే రాసిస్తున్నాను."