పాతబడితేనే ధర

పాటలు కట్టే పనంతా యంత్రాలకు పోయాక, మనిషి చేతుల్లో అరిగిన గిటార్లకే గిరాకీ. ఎంత అరిగితే అంత ధర. ఆ ధర కూడా గిటారే నోరు విప్పి చెబుతుంది. మా ఆయన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించిన బేస్ గిటారు అమ్మితేగానీ మా పాప షారోనును బళ్లో వేయలేం. కొనేవాళ్లొస్తున్నారన్న కంగారులో, గిన్నెలు తోమే పొడేసి దాన్ని తళతళలాడేలా తోమేశాను.

"ధర సగానికి పడింది," అంది గిటారు.

పొడి డబ్బా పక్కన పడేశాను. అత్తయ్య మాత్రం పకపకా నవ్వింది. "పిచ్చిపిల్లా, ఆ చేతి జిడ్డుకే కదే డబ్బులిచ్చేది! కాస్త కొబ్బరినూనె పుయ్యి."

పూశాను.

"ఇది నూనె," అంది గిటారు. "వాయించండి."

నేనెప్పుడూ దాన్ని వాయించినదాన్ని కాదు. భయంభయంగా లావు తీగ లాగితే దుమ్మని నేల అదిరింది. పాప ఎగిరి గంతేసింది. మళ్లీ లాగాను. ధర కాస్త పెరిగిందంది గిటారు. ఇక వేళ్లు మండుతున్నా ఆపలేదు.

తలెత్తేసరికి, కొనడానికొచ్చిన గిటార్ల కొట్టు యజమాని వీర్రాజు గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు.

"ఇది అమ్మకండమ్మా," అన్నారు. "నా కొట్టునిండా కొత్త గిటార్లే, అడిగేవాడు లేడు. ఒక్కొక్కటీ పంపిస్తాను, వాయించి పాతచేసి పెట్టండి. పాప ఫీజు ముందే ఇస్తాను."

"నాకు చేతనవుతుందో లేదోనండీ!"

"ఎందుక్కాదూ?" అంది అత్తయ్య. "కొత్తవి పాతచేయడం మా ఇంట్లో ఒకరు నేర్పాలా బాబూ? ఈ పిల్ల గౌను చూడు, నిన్న కొన్నదే!"