మూడు ముళ్ల కట్ట

"మార్జిన్ ఎంత వదిలావు?" అన్నాడు కవిగారు, స్కేలు పెట్టి కొలుస్తూనే.

"మీరు చెప్పినంతే. అంగుళన్నర."

"పేరు ఎక్కడా పడలేదు కదా? పేరు కనిపిస్తే చదవకుండానే పక్కన పడేస్తారు ఆ మహానుభావులు."

"పడలేదండీ. విడిగా చిన్న కవర్లో పెట్టాను," అంది భార్య.

భోజనాల బల్ల మీద నలభై కవితలు నలభై కాగితాలుగా పరిచి ఉన్నాయి. ప్రచురణ సంస్థవారి నిబంధనలు ఎదురుగా గోడకి అంటించి ఉన్నాయి. ఏడో నిబంధన కింద కవిగారే గీత గీసుకున్నాడు: ఒకే సంపుటిని నాలుగుసార్లకు మించి పరిశీలించరు. మూడుసార్లు పంపాడు, మూడుసార్లూ గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చింది. పుస్తకం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోందని రెండేళ్లుగా ఆఫీసంతా టముకు వేసి ఉన్నాడు. ఈసారీ వెనక్కొస్తే తను పనిచేసే రికార్డు రూములో తలెత్తుకు తిరగలేడు.

వచ్చిన ప్రతిసారీ కట్టతో పాటు ఒక చీటీ కూడా వచ్చింది. పైన 'పరిశీలకుల అభిప్రాయం' అని అచ్చు. కింద సంతకం లేకుండా టైపు చేసిన ఒకే ఒక్క ముక్క: 'ఆఖరి పాదం అనవసరం.' మూడు చీటీల్లోనూ అదే.

"వాడి మొహం," అన్నాడు కవిగారు, ఆ చీటీలను చూపుడువేలితో అవతలికి నెడుతూ. "తిన్నదరక్క ఊళ్లోవాళ్ల కవితలకి వంకలు పెట్టే రకం. జన్మలో ఒక్క వాక్యం రాసుండడు. ఎవడో కనుక్కుని నాలుగు దులుపుదామంటే, పేరు మూడో కంటికి తెలియనివ్వరట."

"అవునట," అంది భార్య. ఒక కాగితం చేతిలోకి తీసుకుంది. "ఈ మెట్ల కవిత చాలా బాగుందండీ. 'ఎవరూ దిగిరాని మెట్ల మీద ఒంటి చెప్పు ఎదురుచూస్తోంది.' అక్కడితో ఆగిపోతే..."

"ఆగిపోతే?"

"కింద మళ్లీ 'ఓ మనిషీ, ఇదే కదా జీవితం' అని ఎందుకు?"

కవిగారు కళ్లజోడు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు. "అది లేకపోతే నీలాంటివాళ్లకి ఎలా అర్థమవుతుంది?"

"నలభైట్లోనూ అలాంటి పాదమే ఉంది. అవి కొట్టేసి పంపి చూడండి. ఇదే ఆఖరిసారి కదా."

ఆమెకు నెలకో రెండు నెలలకో కొరియర్లో ఒక కట్ట వస్తుంది. దాన్ని చదివి, ఎర్ర పెన్సిల్‌తో ఏవో రాసి తిప్పి పంపుతుంది. బడిపిల్లల గైడ్ల ప్రూఫులై ఉంటాయని కవిగారి అంచనా. అడిగి తెలుసుకోవడం ఆయనకి నామోషీ.

"చూడు," అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. "అచ్చుతప్పులు బాగానే దిద్దుతావు, కాదనను. అది గుమాస్తా పని. కవిత్వం వేరు. ఆ ఎర్ర పెన్సిల్ నా కవితల మీదికి తేకు."

"పోనీ, ఒక్క మెట్ల కవితలో అయినా..."

"నాకు చెప్పేంతదానివయ్యావన్నమాట."

ఆమె చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేసింది. కవిగారు కాగితాలు సర్ది, దారం అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చుట్టి, తనే మూడు ముళ్లు బిగించాడు. ఆమె కడితే వదులవుతుందని ఆయన గట్టి నమ్మకం. పోస్టు చేయడానికి కూడా తనే వెళ్లాడు.

మూడు వారాలు గడిచాయి. సెలవు రోజు పొద్దున్నే కవిగారు వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొరియర్ బండి ఆగగానే ఒక్క ఉదుటున లేచాడు. పెద్ద కవరు. దాని మీద భార్య పేరు చూశాక మిగతాది చదవలేదు.

"నీ చెత్త వచ్చింది," అని బల్ల మీద విసిరి, మళ్లీ కుర్చీలోకి పోయాడు.

ఆమె కవరు చింపి, లోపలి కట్ట బయటికి తీసింది. మూడు ముళ్లూ బిగుసుకుపోయి ఉన్నాయి. విప్పడానికి కాసేపు పట్టింది. తర్వాత ఒక్కో కాగితమే తిప్పుతూ, మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగి, మళ్లీ మొదలుపెట్టి, చివరిదాకా చదివింది.

"అంతసేపు చదవడానికి ఏముంది ఆ చెత్తలో?" గుమ్మం దగ్గర నుంచి అరిచాడు కవిగారు.

"ఏమైనా మారిందేమోనని చూస్తున్నానండీ."

ఆయన పెదవి విరిచి, వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఎర్ర పెన్సిల్ చెక్కుకుని, ఒక చీటీ ముందుకు లాక్కుని, టైపు చేసేవాళ్లు తడుముకోకుండా గుండ్రటి అక్షరాలతో రాసింది:

'ఆఖరి పాదం అనవసరం.'