ఎదురు

హైమకు నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు సూరిబాబు పిలిపించిన డ్రైవర్ లేని కారు మెట్టును ఆనుకుని ఆగితే, రోడ్డు మీద కాలు పెట్టకుండానే ఇద్దరినీ ఎక్కించి, అలవాటు కొద్దీ ఎదురింటి మంగతాయారును కేకేశాను.

"వదినా, కాస్త ఎదురు రావా. పిల్ల ఆసుపత్రికి బయల్దేరతంది."

మంగతాయారు నిండు బిందెతో కారుకు ఎదురుగా రెండడుగులు వేసిందో లేదో, రోడ్డు మోకాలెత్తున పైకి లేచింది. తణుకులో ఇప్పుడు రోడ్లన్నీ అంతే. మనిషి పాదం తగిలితే చాలు, గట్టులా లేచి బండ్లను ఆపేస్తాయి. ఇవి వచ్చాక మా ఊళ్లో బండి కింద పడి పోయినవాళ్లు లేరు. అందుకే తిట్టడానికి కూడా నోరు రాదు.

"రోడ్డు మీద మనుషులున్నారు. ఖాళీ అయిన పది నిమిషాలకు దిగుతుంది," అంది కారు.

మంగతాయారు బిందెతో సహా ఇంట్లోకి పరుగెత్తింది. నేను అరుగు మీద నిలబడి నిమిషాలు లెక్కపెట్టాను. ఎనిమిదో నిమిషంలో హైమ "అమ్మా" అని అరిచింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే మెట్టు దిగి రోడ్డు మీద కాలు పెట్టాను.

"రోడ్డు మీద మనుషులున్నారు," అంది కారు. లెక్క మళ్లీ పదికి వెళ్లింది.

సూరిబాబు అద్దం దించి చేతులు జోడించాడు. "అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. లోపలికెళ్లి తలుపేసుకోండి."

లోపలికి వెళ్లి గడియ పెట్టాను. తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. హైమ మళ్లీ పిలిచింది. నా పాదాలు రెండూ చేతులతో గట్టిగా పట్టుకున్నాను.