జిడ్డు ముసలాడు

పాత వ్యాను పక్కన ముసలాడు మళ్లీ నిలబడి ఉన్నాడు. కాళ్ల దగ్గర ఆ జొల్లు కుక్క.

పళ్ల డాక్టరమ్మ పొద్దున్నే మొహం తిప్పేసుకుంది.

ఆ కుక్కను చూస్తే ఎవరైనా తిప్పుకుంటారు. నడుం మీద బొచ్చు ఊడి చర్మం బయటపడింది. కళ్ల మూలల్లో పుసి. మూతి నుంచి సాగే చొంగ గాలికి ఊగుతుంది గానీ తెగి చావదు. రోజంతా జనం నోళ్లలోకి తొంగిచూసే మనిషి ఆమె. ఆ కుక్క నోట్లో ఎన్ని పళ్లు పుచ్చాయో రోడ్డుకు ఈ పక్కనుంచే చెప్పగలదు.

ముసలాడూ దానికి తగ్గవాడే. మోచేతుల దగ్గర పోగులు వేలాడే స్వెటరు, దాని నిండా కుక్క బొచ్చు.

ఆమె చేతిలో తాడు బిగిసింది. రెండో చివర బుల్లోడు గుర్రుమన్నాడు.

బుల్లోడు ఆమె కుక్క. పేరుకు బుల్లోడే గానీ దూడంత ఉంటాడు. మనుషులు కనిపిస్తే ఒళ్లో తల పెట్టేస్తాడు. ఇంకో కుక్క కంటబడిందా, పూనకమే. వాడి అరుపులకు వీధిలో కిటికీలన్నీ తెరుచుకుంటాయి. ఆ మధ్య లిఫ్టు దగ్గర ప్రెసిడెంటు గారి కుక్కపిల్ల మీదికి దూకాడు. కరవలేదు. అయినా అపార్ట్‌మెంటు కమిటీ తేల్చి చెప్పేసింది. నెలాఖరు ఆదివారం రెండింటినీ ఎదురెదురుగా నిలబెడతారు. మళ్లీ మీదికెళ్తే బుల్లోడు ఇల్లు వదలాల్సిందే.

పెళ్లి పెటాకులయ్యాక ఆమెకంటూ మిగిలింది వాడొక్కడే. వాణ్ణి పంపించడమనే మాట తలుచుకుంటేనే ఆమెకు ముద్ద దిగడం లేదు.

అందుకే ట్రైనర్‌ను పెట్టుకుంది. చిన్నపిల్లే, కానీ మాట ఖచ్చితం.

“ముందు బిగుసుకునేది వాడు కాదు మేడమ్, మీ చెయ్యి. అది తాడు వెంట వాడికి పాకుతుంది. చెయ్యి వదులుగా పెట్టండి. ఇంకో కుక్క దూరంగా ఉన్నప్పుడే, వాడు మొరగకముందే, నోట్లో ఒక చికెన్ ముక్క పెట్టండి. రోజూ ఇదే దారిలో, ఇదే వేళకి నడవండి. మిగతాది నేను చూసుకుంటా.”

“నువ్వు మాతో రావా?”

“నేనొస్తే మీరు నన్ను చూస్తూ నడుస్తారు. ఏ కుక్క ఎప్పుడొస్తుందో తెలిస్తే ఇంట్లోనే బిగుసుకుంటారు.”

సరిగ్గా ఆ వారమే ఈ ముసలాడు దాపురించాడు.

మొదట వీధి మలుపులో నిలబడేవాడు. తర్వాత పోస్టు డబ్బా దగ్గరికొచ్చాడు. ఇప్పుడు వ్యాను. రోజురోజుకీ మీదికి జరుగుతున్నాడు. ఉలకడు, పలకడు. ఆమె వైపు చూడనైనా చూడడు, పక్కకు తిరిగి నిలబడతాడు. బుల్లోడు నోరెత్తితే మాత్రం తన కుక్కను తీసుకుని మెల్లగా జారుకుంటాడు. రెచ్చగొట్టి పారిపోవడం కాకపోతే ఏమిటిది?

“ఓయ్! నీకింకో వీధి దొరకలేదా?” అని అరిచింది.

ముసలాడు వంగి, స్వెటరు చేతి అంచుతో కుక్క మూతి తుడిచాడు. డాక్టరమ్మ ‘యాక్’ అంది. బుల్లోడి నోట్లో ముక్క కుక్కి, వాణ్ణి ఈడ్చుకుంటూ వెళ్లి ట్రైనర్‌కు ఫోన్ కొట్టింది.

“ఒక జిడ్డు ముసలాడు తగులుకున్నాడమ్మా. వాడూ, వాడి కంపు కుక్కా! ఇద్దరూ నీళ్ల మొహం చూసి ఎన్నాళ్లయిందో. ఛీ, తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.”

“ముక్క పెట్టారా మేడమ్?”

“పెట్టాను.”

“మొరిగాడా?”

“లేదు, గుర్రుమన్నాడంతే. నేను చెప్పేదేంటంటే…”

“అయితే రేపు కూడా అదే దారిలో నడవండి.”

నేనొకటంటే ఇదొకటంటుందేమిటి అని విసుక్కుంది.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ముసలాడు నీలం గేటు ముందున్నాడు, చెయ్యి చాస్తే అందేంత దగ్గర. పక్కకు తప్పుకుందామంటే ఇరుకు సందు. దాటుతుండగా జొల్లు కుక్క తల విదిలించింది. చొంగ వచ్చి ఆమె తెల్లబూటు మీద పడింది. వెచ్చగా, జిగురుగా, మేజోడులోకి ఇంకింది.

“ఛీ! ఛీ!”

చేతిలో బుల్లోడి పెంట ఎత్తిన సంచి ఉంది. ముందూ వెనకా చూడకుండా విసిరేసింది. అది ముసలాడి గుండెకు తగిలి, ముడి ఊడి, స్వెటరు మీదుగా కిందికి జారింది.

ముసలాడు సంచి ఎత్తి చెత్తడబ్బాలో వేశాడు. ఆ తర్వాత బుల్లోడి వైపు చూసి నవ్వాడు. ఇంత జరిగినా బుల్లోడు కిక్కురుమనలేదు. ముక్క కోసం ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

ఎంత సిగ్గులేని మనిషి అనుకుంటూ, ఆమె బూటును గడ్డికేసి రుద్దుకుంది.

సాయంత్రం లిఫ్టు ముందు కమిటీ అంతా చేరింది. ప్రెసిడెంటు గారు కుక్కపిల్లను దింపారు. అది వచ్చీరాగానే కీచుమంటూ మొరిగింది. డాక్టరమ్మ చేతిలో తాడు వదులు చేసింది. బుల్లోడు దాన్ని చూశాడు. మెడ తిప్పి ఆమెను చూశాడు. ముక్క ఏదన్నట్టు నోరు తెరిచి చతికిలబడ్డాడు.

“సర్లెండి, ఉండనివ్వండి,” అన్నారు ప్రెసిడెంటు గారు, కాస్త నిరాశగానే.

ఆమె ఏడుస్తూ నవ్వుతూ ట్రైనర్‌కు ఫోన్ చేసింది.

“గెలిచేశామమ్మా! ఆ జిడ్డు ముసలాడు రోజూ అడ్డం పడ్డా మావాడు గెలిచాడు!”

అవతల కుళాయి నీళ్ల చప్పుడు. ఎవరో బట్టను బ్రష్షుతో గట్టిగా రుద్దుతున్నారు. రుద్దుడు ఆగింది.

“సంతోషం మేడమ్, ఇక రేపట్నుంచి మా నాన్నగారినీ, మా ముసలి కుక్కనీ మీ వీధికి పంపించను.”