పొద్దుటి రీడింగ్

నాయనకు షుగర్ తగ్గించే ప్రోగ్రాం ఎంచింది నేనే. మందులన్నీ మాన్పిస్తామన్న రెండింటిని కాదని, రోజూ రీడింగ్ చూసి డాక్టరే ఇన్సులిన్ తగ్గించేదాంట్లో చేర్చాను.

పొద్దున్నే మీటర్ ఫొటో ప్రోగ్రాం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మొదట్లో రెండు వందల యాభై ఉన్న నాయన రీడింగ్ నెల తిరగకుండానే నూటికి దిగింది. గ్రూపంతా చప్పట్లు. పోయిన వారం డాక్టర్ ఇన్సులిన్ పూర్తిగా ఆపేశాడు.

ఇవాళ నాయన కళ్లు తెరవడం లేదని ఫోనొస్తే వికారాబాద్ నుంచి తాండూరు ఆస్పత్రికి పరుగెత్తాను. షుగర్ ఐదు వందల ఎనభై!

"రోజూ నూరే వస్తుండె గదమ్మా!"

అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. లాగి చూశాను. పది వేళ్లకూ సూదిపోట్లు.

"ఎక్కువొస్తే గ్రూపుల అందరి ముంగట ఇజ్జత్ పోతదని మీ నాయనకు ఒకటే ఫికర్ బిడ్డా. నాకు షుగర్ లేదాయె... రోజూ నా నెత్తురే పెట్టిన."