మిర్చి రంగు పట్టా

ఆ పూట నా చేతిలో ఉన్నది ఇంతే: కల్లం నిండా ఎండుతున్న మిర్చి, ఆ ఒక్క కల్లానికి నేను కొనుక్కున్న వాన కబురు, మిర్చి రంగులో చేయించిన కొత్త టార్పాలిన్ పట్టా.

ఏ కల్లానికి ఆ కల్లం వాన కబురు ఫోన్లో అమ్మడం మొదలయ్యాక, మబ్బు చూసి వాన చెప్పేవాళ్లు మా వైపు మిగల్లేదు. కబురు కొనలేనివాళ్లు పక్క కల్లం చూస్తారు. అక్కడ పట్టా పరిస్తే తామూ పరుస్తారు. నేను కొన్నది ఊరికే పంచడం నష్టమనిపించింది. పైగా పక్కవాళ్ల కాయ తడిస్తే నా కాయకు ధర. అందుకే ఎర్ర పట్టా చేయించాను; పరిచినా, దూరానికి ఆరబోసిన మిర్చిలాగే కనిపిస్తుంది.

మధ్యాహ్నం వాన ఉందని కబురొచ్చింది. పట్టా పరిచేశాను.

పక్క కల్లం రాహేలమ్మ గట్టు మీదికొచ్చింది. "అన్నా, ఆ మబ్బేంది, అడుగున నల్లగా, పైన కాలీఫ్లవర్ లాగా ఉబ్బతంది? వానదేనంటావా?"

"నా కల్లం చూడమ్మా. కప్పానా?" అన్నాను.

"నువ్వు కప్పకపోతే ఇంకేం భయం," అని నవ్వి వెళ్లింది.

వాన దిగగానే తన పట్టా ఈడ్చుకుంటూ నా కల్లంలోకే పరుగెత్తుకొచ్చింది. "నీ కబురు తప్పిందన్నా. ఆ కొస పట్టుకో. నీది పెద్ద రాశి, నావి నాలుగు బస్తాలేగా."

పరచబోయి వంగింది. చేతికి తగిలినదాన్ని తడిమి చూసింది. తన పట్టా చుట్టుకుని, తడిసిపోయిన తన కాయ దగ్గరికి నడిచి వెళ్లింది.

నా కాయ ఒక్కటీ తడవలేదు, అనుకున్న ధరే వచ్చింది. ఇప్పుడు అందరికీ కనపడేలా నీలం పట్టా పరుస్తున్నాను. రాహేలమ్మ మాత్రం ఇటు చూడదు. తలెత్తి మబ్బునే చూస్తూ నిలబడుతుంది.