పూటకో పిడికెడు

"తీసింది నేను కాదత్తమ్మా." శ్రీజ మూడోసారి చెప్పింది.

"మరి దయ్యం తీసిందా?" ఆండాళు రేకు డబ్బాను ఠక్కున బల్ల మీద పెట్టింది.

డబ్బాలో సగానికి బియ్యం. వండే ముందు పిడికెడు తీసి దేవుడి పేరున దాచి, ఆదివారం చర్చిలో ఇవ్వడం పొలం పనికొచ్చే రూతమ్మ వాళ్ల ఆనవాయితీ. త్రిపురారంలో అది తెలియనివాళ్లు లేరు. అది తన వంటింట్లోకి ఎట్లా వచ్చిందన్నదే ఆండాళు అనుమానం. నెలరోజులు కాపు కాసింది. శనివారం శనివారం కోడలు పెరటి గుమ్మంలో ఈ డబ్బాను రూతమ్మ కొంగులోకి వంచడం కళ్లారా చూసింది.

"ఇచ్చింది నేనే. తీసింది మాత్రం నేను కాదు."

"మూత మీద గంధం మరక సూడు. దేవునికి దీపం పెట్టిన చేత్తోనే గీ పని చేస్తున్నవ్. చర్చిల ఎప్పుడు కలిసినవ్? మొగునికన్నా చెప్పినవా?"

భర్త హరీష్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఎవరు తీసిన్రో చెప్పరాదు శ్రీజా, ఖతం అయితది."

శ్రీజ పెదవి విప్పలేదు. ఆండాళుకు ఇక రుజువు అక్కర్లేకపోయింది.

"మీ మామ గుడి కమిటీ పెద్ద. ఊరికి తెలిస్తే తలెత్తుకుంటడా? బట్టలు సర్దుకో. పది గంటల బస్సుకు కోదాడ పో, మీ అమ్మగారింటికి."

పూజ ముగించి వచ్చిన మామ ప్రభాకర్ గుమ్మంలో ఆగాడు.

"శ్రీజ యాడికీ పోదు," అన్నాడు మెల్లగా. "ఇయ్యాల్టి సంది రూతమ్మ పెరట్ల కూసోదు. మనతోని గీ బల్ల మీదనే తింటది."

"మీకు గూడ మందు పెట్టిందా?"

"కరోనాల నేను మిర్యాలగూడ దవాఖానల పడ్డప్పుడు నువ్వు ముడుపు కట్టినవ్. రూతమ్మ తన కూలి బియ్యంల కెల్లి నా పేరున పూటకో పిడికెడు తీసి ప్రార్థన చేసింది. ఇరవై ఏండ్లు పెరట్ల కూసోబెట్టినోని కోసం."

పొయ్యి పక్కన కడగని బియ్యం గిన్నె ఉంది.

ప్రభాకర్ గంధం అంటిన చేత్తో అందులోంచి పిడికెడు తీసి, రోజూలాగే డబ్బాలో పోశాడు.